నానిన నువ్వుగింజ

ఆడవాళ్ల నోట్లో నువ్వుగింజ నానదని మనం తీర్పు చెప్పి చాలా కాలమైంది. రచ్చబండ మీద ఎవరో పొద్దుపోక అన్న మాట కాదిది. దీని మీద సాక్షాత్తూ ధర్మరాజు సంతకం ఉంది. కురుక్షేత్రం ముగిసి, పోయినవాళ్లకు నీళ్లు వదిలే వేళ, కర్ణుడు కూడా తన బిడ్డేనని కుంతి నోరు విప్పింది. అప్పటిదాకా తానే పెద్దకొడుకుననుకుంటున్న ధర్మరాజుకు కోపమొచ్చింది. ఇకమీదట ఆడజాతికి రహస్యం దాగకుండుగాక అని శపించాడు.

ఇక్కడ కాస్త ఆగాలి. ఆ తల్లి చేసిన నేరమేమిటి? రహస్యం బయటపెట్టడమా? కాదు, అన్నేళ్లు దాచడం. జ్యోతిషం తెలిసిన సహదేవుడితో సహా ఇంటిల్లిపాదిలో ఒక్క కొడుక్కీ అనుమానం రానివ్వలేదు. ఏ గూఢచారి శాఖలోనో ఉంటే పతకం ఇచ్చి సన్మానించాల్సిన పని. దాచినందుకు శపించి, ఆ శాపాన్నే దాచలేరనడానికి సాక్ష్యంగా చూపిస్తున్నాం మనం. ఇలాంటి తర్కం కోర్టులో ఏ వకీలైనా వినిపిస్తే జడ్జిగారు కళ్లద్దాలు తీసి తుడుచుకుంటారు.

పురాణం దాకా ఎందుకు, మన ఇళ్లే చూడండి. 2016 నవంబరు 8 రాత్రి పెద్దనోట్లు రద్దయ్యాక గానీ పోపుల డబ్బా అడుగునా, బియ్యం డ్రమ్ములోనా, పాత పట్టుచీర మడతలోనా ఎంత డబ్బు నానుతోందో మగమహారాజులకు తెలియలేదు. ముప్ఫై ఏళ్ల కాపురం, పక్కన ఆదాయపు పన్ను వాళ్లను మించిన చూపున్న అత్తగారు. అయినా దొరకలేదు. చివరికి బయటపడింది కూడా ఇల్లాలి నోరు జారి కాదు, ఢిల్లీ వాళ్లు ఉత్తర్వు వేసి.

సరే, సముద్రం దాటుదాం. రెండో ప్రపంచ యుద్ధంలో జర్మన్లు తమ సందేశాలను ఎనిగ్మా అనే మిషను మీద కోడ్‌లోకి మార్చి పంపుకునేవారు. ఆ కోడ్‌లు విప్పడానికి లండన్‌కు ఉత్తరాన బ్లెచ్‌లీ పార్క్ అనే పాత బంగళాలో బ్రిటన్ ఒక రహస్య కార్ఖానా తెరిచింది. యుద్ధం చివరికి అక్కడ వేల మంది. వాళ్లలో నలుగురికి ముగ్గురు ఆడవాళ్లు. నౌకాదళపు మహిళా విభాగంలో చేరిన పిల్లలకు రెన్‌లని పేరు. సముద్రం చూద్దామని ఆశపడి చేరితే, వాళ్లను బ్లెచ్‌లీకీ దాని శాఖలకూ తోలి, మీరు పనిచేసేది హెచ్ఎంఎస్ పెంబ్రోక్ 5 అనే ఓడ మీద అని కాగితం ఇచ్చారు. కాగితం మీద ఓడే. నీళ్లు మాత్రం వర్షం పడితేనే. ఆ నీళ్లులేని ఓడలో ఎనిగ్మా కోడ్ విప్పడానికి వాడే, బాంబ్ అని పేరున్న యంత్రాలను, రెండు వందలకు పైగా ఉన్నవాటిని, 1,600 మందికి పైగా రెన్‌లు రాత్రింబవళ్లు షిఫ్టుల మీద నిలబడి తిప్పారు. చెవులు చిల్లులు పడే రొద, చొక్కా మీద నూనె మరకలు. ఇంటికి రాసే ఉత్తరంలో మాత్రం, గుమస్తా పనిలో ఉన్నానమ్మా, తిండి బాగానే ఉంది.

యుద్ధం ముగిసింది. వాళ్లు పెళ్లిళ్లు చేసుకున్నారు, పిల్లల్ని కన్నారు. అక్కడ పనిచేసినవాళ్లలో ఒకరినొకరు చేసుకున్న జంటలూ ఉన్నాయి. నువ్వు ఏ గదిలో ఏం చేశావు అని మొగుడు అడగలేదు, పెళ్లాం చెప్పలేదు. ముప్ఫై ఏళ్లు నువ్వుగింజ నానీ నానీ మొలకెత్తే దశకు వచ్చింది గానీ బయట పడలేదు. వీళ్లను ఉద్దేశించే చర్చిల్, బంగారు గుడ్లు పెట్టి కూత పెట్టని బాతులన్నారని చెబుతారు. మరి కూత పెట్టిందెవరు? 1974లో బ్రిటన్‌లో ఆ గుట్టంతా పుస్తకంగా అచ్చొత్తించి అమ్మకానికి పెట్టినవారు వింటర్‌బోథమ్ గారు, వాయుసేనలో గ్రూప్ కెప్టెన్. అదన్నా యుద్ధం అయ్యాక. యుద్ధం నడుస్తుండగానే బ్లెచ్‌లీలో విప్పిన కాగితాలను ప్యాంటులో దోపుకుని తీసుకెళ్లి సోవియట్లకు అందించినవారు ఇంకొకరున్నారు, జాన్ కెయిర్న్‌క్రాస్ గారు. ఆయనా పురుషోత్తముడే. కెయిర్న్‌క్రాస్, ఫిల్బీ, బర్జెస్, మెక్లీన్, బ్లంట్, ఈ ఐదుగురూ బ్రిటన్ గుట్టుమట్లను జల్లెడలో నీళ్లలా మాస్కోకు కార్చినవాళ్లు, ఐదుగురూ కేంబ్రిడ్జి విద్యావంతులు. ఆ విశ్వవిద్యాలయం అందరికీ శుభ్రంగా డిగ్రీలిచ్చింది. పరీక్షలప్పుడు జబ్బుపడ్డారు పాపమని బర్జెస్‌కైతే దయదలచి మరీ ఇచ్చింది.

అదే కేంబ్రిడ్జిలో జోన్ క్లార్క్ లెక్కలు చదివింది. రెండు భాగాల్లోనూ ఫస్టు క్లాసు. ఆమెకు డిగ్రీ ఇవ్వలేదు. 1948 దాకా అక్కడ ఆడపిల్లలు చదవొచ్చు, పరీక్ష రాయొచ్చు, మగపిల్లల్ని దాటి మార్కులు తెచ్చుకోవచ్చు. డిగ్రీ అనే పేరు కూడా తగిలించుకోవచ్చు. డిగ్రీతో వచ్చే హక్కులు మాత్రం అడక్కూడదు. మన ఊళ్లో కోడలికి ఇంటి తాళాలిచ్చి బీరువా తాళం అత్తగారు బొడ్డులో దోపుకున్నట్టన్నమాట.

1940 జూన్‌లో జోన్ బ్లెచ్‌లీలో అడుగుపెట్టింది. జీతం వారానికి రెండు పౌన్లు, గుమస్తా పిల్లల వరసలో కూర్చోబెట్టారు. కొద్ది రోజులకే, ఈమె కూర్చోవలసింది ఇక్కడ కాదని గ్రహించి లెక్కల మేధావి అలన్ ట్యూరింగ్ ఉండే హట్ 8 అనే విభాగంలోకి ఇంకో బల్ల జరిపారు. అక్కడ పని జర్మన్ జలాంతర్గాముల కోడ్ విప్పడం. ఒక్క రోజు ఆలస్యమైతే అట్లాంటిక్‌లో ఓడలు మునుగుతాయి. పని చూశాక జీతం పెంచక తప్పలేదు. పెంచడానికి గ్రేడు కావాలి. ఆడ కోడ్‌విప్పరికి సర్కారు పుస్తకంలో గ్రేడు లేదు. ట్యూరింగ్ పక్కన కూర్చుని లెక్క తేల్చే మనిషి కళ్లెదుట ఉంది, ఆ మనిషికి పేరు లేదు. బుర్ర గోక్కున్నారు. చివరికి భాషావేత్తల గ్రేడులో పడేశారు. ఏదో ఫారం వస్తే జోన్ సరదాపడి నింపేదట: గ్రేడు, భాషావేత్త; వచ్చిన భాషలు, ఏవీ లేవు. 1944కల్లా ఆమె హట్ 8కి ఉపాధిపతి. అయినా అదే పనిచేసే మగవాళ్ల కంటే జీతం తక్కువే. శత్రువు కోడ్ విప్పినంత సులువు కాదు సొంత జమాఖర్చుల శాఖ కోడ్ విప్పడం.

మేవిస్ లీవర్ కథ ఇంకా ముచ్చటైనది. పంతొమ్మిదేళ్ల పిల్ల, జర్మన్ చదువు మధ్యలో మానేసి వచ్చింది. డిల్లీ నాక్స్ అనే చాదస్తపు పండితుడి కింద పని. ఆయన గుంపులో అందరూ ఆడపిల్లలే కాబట్టి బ్లెచ్‌లీ మగధీరులు వాళ్లకు డిల్లీ గుర్రప్పిల్లలని పేరు పెట్టారు. (మనవాళ్లయితే ఏం పెట్టేవారో ఊహించడం మీకే వదిలేస్తున్నాను.) ఒకరోజు ఇటాలియన్ నౌకాదళపు సందేశం ఒకటి ఆమె బల్ల మీదికి వచ్చింది. పొడవైనది. చూస్తూ చూస్తూ ఉండగా ఏదో వెలితి తోచింది. అంత పొడుగు సందేశంలో ఎల్ అక్షరం ఒక్కటి కూడా లేదు. ఎనిగ్మాకు ఒక లక్షణం ఉంది: ఏ అక్షరం నొక్కినా వేరే అక్షరం వస్తుంది తప్ప అదే అక్షరం రాదు. అంటే ఆ మిషను దగ్గర కూర్చున్న ఇటాలియన్ మహానుభావుడు, ఉత్తుత్తి సందేశం పంపమంటే బద్ధకించి, పొడుగునా ఎల్ మీటనే నొక్కుతూ కూర్చున్నాడు. లేని అక్షరాన్ని చూడటం! అన్నంలో రాయి ఎవరికైనా తగులుతుంది. పులుసులో పడని ఇంగువను పట్టుకునే నాలుక కొందరికే ఉంటుంది. ఆ సందేశం ఆసరాతో మిషను చక్రాల గుట్టు దొరికింది.

1941 మార్చిలో ఆ పిల్లలే ఇంకో ఇటాలియన్ సందేశం విప్పితే, మూడు రోజుల్లో ఏదో జరగబోతోందని తేలింది. ఫలితం గ్రీసు తీరాన మాటపాన్ అగ్రం దగ్గర సముద్రయుద్ధం. మూడు ఇటాలియన్ క్రూయిజర్లు, రెండు డిస్ట్రాయర్లు మునిగాయి. ఆ యుద్ధం గెలిచిన బ్రిటిష్ అడ్మిరల్ కనింగ్‌హామ్ స్వయంగా కృతజ్ఞతలు చెప్పడానికి వచ్చారు. వాళ్లు పనిచేసే కుటీరానికి అప్పుడే సున్నం వేశారు, తడి ఆరలేదు. అమ్మాయిలంతా కూడబలుక్కుని ముదురు నీలం యూనిఫాం తొడిగిన అడ్మిరల్ గారిని మెల్లగా గోడ వైపు జరిపి వీపుకు సున్నం అంటించారు. చరిత్రలో నాకు నచ్చిన సైనిక చర్యల్లో ఇదొకటి.

ఇక అసలు దర్బారుకు వద్దాం. బ్రిటన్ లోపలి భద్రత చూసే ఎంఐ5లో మాక్స్‌వెల్ నైట్ అని ఒక పెద్దమనిషి. ఇంట్లో పాములూ చిలుకలూ పెంచేవారు, ఆఫీసులో గూఢచారుల్ని పెంచేవారు. ఆడ ఏజెంట్లను వాడుకోవడం గురించి ఆయన ఒక పత్రం రాశారు. అందులో ఎక్కువ కామమున్న ఆడదీ పనికిరాదు, తక్కువ కామమున్నదీ పనికిరాదు అని కొలతపాత్ర పట్టుకుని తేల్చారు. మగ ఏజెంట్లకు ఈ కొలత పెట్టినట్టు లేదు. పెడితే సర్వీసు మూసేయాల్సి వచ్చేది. అయితే అదే పత్రంలో ఈ పాముల పెద్దాయన ఒక నిజం కూడా కక్కేశారు. ఆడవాళ్ల నోట మాట దాగదని అంటారే, నా అనుభవం అందుకు విరుద్ధం. యుద్ధకాలంలో నోరు జారిన కేసులు వందలకొద్దీ విచారిస్తే దోషుల్లో అత్యధికులు మగవాళ్లే అని. కారణం కూడా చెప్పారు. మగవాడికి గొప్పలు చెప్పుకోకపోతే అన్నం అరగదు, స్థూలంగా అదీ ఆయన భావం. ధర్మరాజు శాపాన్ని ఎంఐ5 లెక్కలు కట్టి కొట్టేసింది. ఆ తీర్పు మాత్రం ఫైల్లోనే పడుకుంది.

అదే ఎంఐ5లో జేన్ ఆర్చర్. మొదటి ప్రపంచ యుద్ధంలో గుమస్తాగా చేరి, ఉద్యోగం చేస్తూనే బారిస్టరు చదివి, ఆ సంస్థలో మొట్టమొదటి మహిళా అధికారి అయింది. సోవియట్ల వ్యవహారంలో ఆమెను మించిన దిట్ట లేదు. 1940 మొదట్లో అప్పటికే పక్షం మార్చిన క్రివిట్‌స్కీ అనే సోవియట్ గూఢచారి లండన్ వస్తే ఆమె వారాల తరబడి ఓపిగ్గా, గోరువెచ్చని నీళ్లలో చింతపండు పిసికినట్టు, ఒక్కొక్క సంగతీ రాబట్టింది. అందులో ఒక పిప్పి: మాస్కో వాళ్లు అంతర్యుద్ధం రోజుల్లో ఒక ఇంగ్లిష్ కుర్ర విలేఖరిని స్పెయిన్‌కు పంపారు. స్పెయిన్‌లో టైమ్స్ పత్రికకు రాసిన ఆ కుర్ర విలేఖరి కిమ్ ఫిల్బీ. పేరొక్కటి దొరకలేదు. కూపీ లాగితే దొరికేది.

కూపీ లాగలేదు. ఆ ఏడాది నవంబరులో ఆమెను ఉద్యోగంలోంచి తీసేశారు. నేరం? పైఅధికారి అసమర్థుడని ఆయన మొహం మీదే అనడం. దాన్ని అవిధేయత అంటారు. అబద్ధమని మాత్రం ఎవరూ అన్నట్టు లేదు.

ఆమె విదేశాల్లో గూఢచర్యం చూసే అవతలి సంస్థ ఎంఐ6లో చేరింది. అక్కడ సోవియట్లను వేటాడటానికి కొత్త విభాగం పెట్టి, దానికి అధిపతిగా అందరూ మెచ్చిన బుద్ధిమంతుణ్ణి వేశారు. ఎవర్ని? ఫిల్బీనే. దొంగకు తాళాలివ్వడం మనకు తెలిసిన కథే. దొంగల్ని పట్టే కచేరీకి దొంగనే దారోగాను చేయడం ఇంగ్లిష్ వాళ్ల ప్రత్యేకత. జేన్ ఆర్చర్‌ను ఆయన కిందే వేశారు. ఫిల్బీకి గుండెలు జారాయి. ఈమె బుర్ర ఎంత పదునైనదో ఆయన తర్వాత మాస్కోలో కూర్చుని తన జ్ఞాపకాల్లో రాసుకున్నాడు కూడా. అందుకని వెంటనే ఆమెకు రేడియో సందేశాల దొంతర ఒకటి అప్పగించి, తల ఎత్తకుండా చేశాడు. ఇదీ నన్ను నవ్వించి ఏడిపించే సంగతి: ఆ రెండు సంస్థల్లోనూ ఆ ఆడమనిషి తెలివిని సరిగ్గా అంచనా కట్టి, తగిన గౌరవం ఇచ్చి, భయపడినవాడు ఒక్కడే. శత్రువు.

శత్రువుకు ఆ విషయంలో మొదట్నుంచీ చూపు బాగుంది. ఆక్స్‌ఫర్డ్ చుట్టుపక్కల పల్లెల్లో ఉర్సులా కుచిన్‌స్కీ అని ముగ్గురు పిల్లల తల్లి ఉండేది. కేకులు చేసేది, సైకిలు తొక్కేది. రాత్రి పిల్లలు నిద్రపోయాక రేడియో తీసి మాస్కోకు సందేశాలు కొట్టేది. క్లాస్ ఫుక్స్ అనే శాస్త్రవేత్త ఆమెను బాన్‌బరీ దగ్గర కలిసి, ప్రేమికుల్లా చెయ్యీ చెయ్యీ పట్టుకుని తిరుగుతూ, అణుబాంబు కాగితాలు ఇచ్చి వెళ్లేవాడు. ఆవిడ ఎర్రసైన్యంలో కర్నలు హోదాకు ఎదిగిన మనిషి. 1947లో ఎంఐ5 వాళ్లు ఆ ఇంటి తలుపు తట్టారు. వచ్చినవారిలో స్కార్డన్ ఒకరు, ఎంతటి గట్టివాడి చేతనైనా నిజం కక్కిస్తారని పేరు. గృహిణి కనిపించింది. పిల్లలు కనిపించారు. కర్నలు కనిపించలేదు. సెలవు తీసుకుని వెళ్లిపోయారు. మేవిస్ లీవర్ లేని అక్షరాన్ని చూసింది. వీళ్లు ఎదురుగా ఉన్న మనిషిని చూడలేదు.

ఫుక్స్‌ను చివరికి పట్టించిన దారం ఎక్కడ మొదలైందనుకున్నారు? అమెరికాలో, సైన్యం కోడ్‌లు విప్పించే అర్లింగ్టన్ హాల్‌లో. 1943 ఫిబ్రవరి 1న వర్జీనియా పల్లెటూరి స్కూలు టీచరమ్మ జీన్ గ్రేబీల్‌కు సోవియట్ టెలిగ్రాముల గుట్టలు అప్పగించారు. వెనోనా అని తర్వాత పేరు పడిన పని అది. ముప్ఫై ఏడేళ్లు సాగింది. అందులో ఎక్కువమంది ఆమెలాంటి ఆడవాళ్లే. ఆ టెలిగ్రాముల నుంచే ఫుక్స్ జాడ బయటపడి, 1950లో అరెస్టయ్యాడు. విచారణ మొదలయ్యేలోగా ఉర్సులా పిల్లల్ని వెంటబెట్టుకుని బెర్లిన్ విమానమెక్కింది. ఆపినవాళ్లు లేరు.

నవ్వుతూ రాయలేని పేరొకటి ఉంది. నూర్ ఇనాయత్ ఖాన్. టిప్పు సుల్తాన్ వంశపు బిడ్డ. తండ్రి హజరత్ ఇనాయత్ ఖాన్ మన హైదరాబాద్‌లోనే సూఫీ దీక్ష తీసుకున్న విద్వాంసుడు, నిజాం దర్బారులో పాడి మెప్పించినవాడు. కూతురు పిల్లల కోసం జాతక కథలు రాసింది. శత్రువు ఆక్రమించిన దేశాల్లోకి ఏజెంట్లను పంపడానికి బ్రిటన్ వాళ్లు నడిపిన ఎస్ఓఈ అనే రహస్య సంస్థలో చేరి రేడియో ఆపరేటరుగా తర్ఫీదు పొందింది. శిక్షణ ముగిశాక ఒక కర్నల్ గారు ఆమె గురించి రాసిన నివేదికలో, ఈమెకు మెదడు బరువు అంతగా లేదు, రంగంలోకి పంపడం అనుమానమే అని సెలవిచ్చారు. 1943 జూన్‌లో ఫ్రాన్స్‌లో దించారు. పది రోజుల్లోగా ఆమె చేరవలసిన ముఠా అంతా జర్మన్లకు చిక్కింది. వెనక్కి వచ్చెయ్యమన్నారు, రానంది. ప్యారిస్‌లో మిగిలిన ఆ దారాన్ని పట్టుకుని, ఇల్లు మారుతూ, జుట్టు రంగు మారుస్తూ, అక్టోబరు దాకా సందేశాలు పంపింది. ఎవరో పట్టించాక దొరికింది.

అప్పుడు లండన్‌లో మెదడు బరువున్నవారు ఏం చేశారో చూడండి. ఆమె రేడియో జర్మన్ల చేతిలో పడింది, వాళ్లు ఆమె పేరుతో సందేశాలు పంపుతుంటే వీళ్లు నెలల తరబడి నిజమనుకున్నారు. నమ్మి, ఆ సందేశాలు చెప్పిన పొలంలోకే 1944 ఫిబ్రవరిలో ముగ్గురు ఏజెంట్లను పారాషూట్‌లతో దించారు. కింద జర్మన్లు కాచుకుని ఉన్నారు. ఆ ముగ్గురిలో మదలెన్ డామెర్మాఁ ఒకతె. అదే ఏడాది సెప్టెంబరులో డాకౌ నిర్బంధ శిబిరంలో నూర్‌తో పాటు ఆమెనూ, ఇంకో ఇద్దరు ఆడవాళ్లనూ కాల్చి చంపారు. నూర్‌కు 1949లో జార్జ్ క్రాస్ ఇచ్చారు. ఆ కర్నల్ గారి మెదడు బరువు తూచినవారెవరూ లేరు.

యుద్ధం అయ్యాక అమెరికా వాళ్లు సీఐఏ పెట్టారు. కొత్త సంస్థ, కొత్త భవనాలు, పాత బుద్ధి. వర్జీనియా హాల్ సంగతే చెబుతాను. వేటలో తుపాకి పేలి ఎడమకాలు పోయింది. కొయ్యకాలుకు ముద్దుగా కథ్‌బర్ట్ అని పేరు పెట్టుకుంది. కాలు లేనివాళ్లు దౌత్య సేవకు పనికిరారని అమెరికా విదేశాంగ శాఖ తిరగ్గొట్టింది. ఆ కాలుతోనే ఫ్రాన్స్‌లో బ్రిటిష్ వాళ్ల తరఫున ఏజెంట్ల వల నేసింది. 1942 నవంబరులో జర్మన్లు తరుముతుంటే మంచు కప్పిన పిరనీస్ పర్వతాలు నడిచి దాటింది. దారిలో, కథ్‌బర్ట్ ఇబ్బంది పెడుతున్నాడని లండన్‌కు సందేశం పంపితే, అది మనిషి పేరనుకుని, ఇబ్బందిగా ఉంటే వాణ్ణి తుదముట్టించండి అని జవాబొచ్చింది. 1944లో మళ్లీ వెళ్లింది, ముసలి పల్లెటూరి ఆవిడ వేషంలో మేకలు కాస్తూ. యుద్ధంలో అమెరికా డిస్టింగ్విష్డ్ సర్వీస్ క్రాస్ అందుకున్న పౌర మహిళ ఆమె ఒక్కతే. ఇంత అనుభవంతో సీఐఏలో చేరితే బల్ల చూపించి కూర్చోమన్నారు. రంగం ఏమిటో ఎరగని కుర్రాళ్లు పైఅధికారులు. ఆమె అనుభవం ముందు తాము వెలవెలబోతామనే ఆమెను పక్కన పెట్టారని తర్వాత ఆ సంస్థ లోపలి నివేదికే ఒప్పుకుంది. 1966లో అరవై ఏళ్లు నిండగానే రిటైరు చేశారు.

1953లో అలెన్ డల్లెస్ డైరెక్టరయ్యాక ఆడ ఉద్యోగులు నిలబడి, మా జీతాలెందుకు ఇలా ఉన్నాయని అడిగారు. కమిటీ వేశారు. దానికి అధికారికంగా ఏదో గౌరవమైన పేరుండేది, ఆఫీసు వరండాలో మాత్రం పావడా కమిటీ. ఆ పావడా కమిటీ లెక్కలు తేల్చింది: ఆడవాళ్ల మధ్యస్థ గ్రేడు 5, మగవాళ్లది 9. ఏడో గ్రేడు పైన మగవాళ్లలో నూటికి 69 మంది, ఆడవాళ్లలో 19 మంది. పద్నాలుగో గ్రేడు దాటిన ఆడమనిషి సంస్థ మొత్తంలో లేదు. కారణాలు అడిగితే పెద్దలు పాఠం అప్పజెప్పినట్టు చెప్పారు. ఆడవాళ్లు పెళ్లి చేసుకుని వెళ్లిపోతారు, ప్రయాణాలు చేయలేరు, వాళ్ల కింద పనిచేయడం మగవాళ్లకు నచ్చదు, ఆవేశం ఎక్కువ. మంచు కొండలు కొయ్యకాలుతో దాటిన మనిషి అదే సంస్థలో పనిచేస్తుండగానే ప్రయాణాలు చేయలేరని రాసుకున్నారు. కమిటీ నివేదిక చదివి, చక్కగా రాశారని మెచ్చుకుని, అత్యవసరంగా సరిదిద్దాల్సిన పరిస్థితి ఏమీ లేదని తేల్చారు.

అత్యవసరం లేదు కాబట్టి తొందరపడలేదు. సీఐఏకి మొదటి మహిళా స్టేషన్ చీఫ్ ఎలోయిజ్ పేజ్. 1978లో, ఏథెన్స్‌లో. యుద్ధకాలంలో ఆమె, అప్పటి అమెరికా గూఢచార సంస్థను నడిపిన జనరల్ డోనవన్ గారి సెక్రటరీ.

చెప్పుకుంటూ పోతే, అటువైపు దాచినవాళ్లూ ఉన్నారు. లండన్ శివార్లలో జామ్ చేసుకుంటూ తోటపని చేసుకునే మెలిటా నార్వుడ్ దశాబ్దాల పాటు కేజీబీకి కాగితాలు అందించిందని 1999లో, ఆమెకు ఎనభై ఏడేళ్లప్పుడు లోకానికి తెలిసింది. ద్రోహమే, కాదనను. నువ్వుగింజ నానిందా లేదా అన్నదే ఇక్కడ లెక్క. అదీ బయటపడింది మాస్కో నుంచి కేజీబీ దస్తావేజులు చూసే ఒక మగ అధికారి రాసుకొచ్చిన కాగితాల వల్ల.

కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయం 1998 జూలైలో, తాను డిగ్రీలు ఇవ్వకుండా పంపేసిన పాత విద్యార్థినులను పిలిచి సన్మానం చేసింది. తొమ్మిది వందల మందికి పైగా ముసలమ్మలు నల్ల గౌన్లు వేసుకుని వరసగా నడిచారు. జోన్ క్లార్క్ 1996 సెప్టెంబరులో చనిపోయింది.